నిలబడినాకే చివరి బిగింపు

దుమ్ముకాలం, పదకొండో రోజు

బండి కాపరి సుంకులమ్మ చెబుతున్నది. పాలగుట్ట ఊరు. మోటారు బండి ఒకటే, కాపరీ ఒక్కతే. నా మాట విని రాసుకునే ఈ పట్టీలో బండి సంగతులు తప్ప ఇంకేమీ చెప్పకూడదని, బండ్లకు సామాను పంపే కేంద్రం వాళ్ళ నియమం. పాతికేళ్ళుగా ఆ నియమం వింటున్నాను, పాతికేళ్ళుగా తప్పుతున్నాను. ఈరోజు కూడా తప్పుతాను.

ముందు బండి సంగతి. పొద్దున నీళ్ళ డ్రమ్ములు ఎక్కించుకుని పడమటి బావికి పోయి వచ్చాను. ముందు ఎడమ చక్రం దగ్గర ఒకటే లొటలొట. కుడివైపు కూడా ఉంది, కాస్త తక్కువ. దిగి రెండు చేతులతో చక్రం పట్టుకుని ఊపితే కదిలే పన్నులా ఊగింది. కిందికి దూరి చూశాను. చక్రాన్ని బండికి తగిలించే ఆర్ములకు రబ్బరు బుష్షులు ఎనిమిది ఉంటాయి. రాయికి చక్రం తగిలితే ఆ దెబ్బను మనిషి నడుముదాకా రానీకుండా మింగేవి అవే. ఎనిమిదీ చీలిపోయాయి. షాకబ్జర్లు నాలుగింట్లో రెండు నూనె కక్కేశాయి. నాలుగు నెలల కిందటే అన్నీ కొత్తవి వేశాం. మా ఊళ్ళో బుష్షుల ఆయుష్షు నాలుగు నెలలే. మా దారి అంత మొండిది అని పక్క ఊళ్ళ దగ్గర గొప్పలు కూడా చెప్పుకుంటాం.

మామూలు రోజుల్లో అయితే గాలిబండి కొత్త సామాను తెచ్చి వాకిట్లో దించి పోతుంది. దుమ్ములో గాలిబండ్లు ఎగరవు. ఈసారి దుమ్ము నలభై రోజులు ముందే వచ్చిపడింది. ఇంకా రెండు నెలలు పోదు.

ఇప్పుడు నియమం తప్పే మాట. మా అన్న భార్య, మా వదిన కుళ్ళాయమ్మ, కరెంటిచ్చే ఎండపలకలు తుడుస్తూ మిద్దె మీద నుంచి పడి రెండు నెలలయింది.

"ఇది బండి సంగతి కాదు. తీసేయమంటారా?" అని పట్టీ పెట్టె అడిగింది. తీసేయవద్దు. నోరు మూసుకుని విను.

వదిన వెన్నులో నరం నలిగింది. మోకాళ్ళ కింద సూది గుచ్చినా తెలియదు. ఏటిగడ్డ ఆస్పత్రి డాక్టరమ్మ నరం పక్కన ఒక సన్నని తీగ పెట్టి, దాన్ని పట్టుకుని నరం మళ్ళీ అల్లుకుంటుందని చెప్పి ఇంటికి పంపింది. ఆమె పెట్టిన గడువు లెక్కన ఈ దుమ్ముకాలం ముప్ఫయ్యో రోజున రెండో ఆపరేషన్ చేసి ఆ తీగ తీసేయాలి. అప్పటికి తీయకపోతే కాళ్ళు ఇక రావు. గాలిబండిలో తీసుకుపోదామనుకున్నాం. ఇప్పుడు మిగిలింది నా బండే.

ఏటిగడ్డకు ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు, అంతా రాళ్ళూ, వాగు వంకలూ. మంచం మోసుకుని నడిచి పోదామంటే ఈ దుమ్ములో మూతిగుడ్డ మూడు గంటలకు మించి పనిచేయదు. బండిలో తీసుకుపోతే కుదుపు ఉండకూడదు. వదిన నడుముకు డాక్టరమ్మ ఒక బిళ్ళ అంటించింది. కుదుపు ఎంత ఉందో అందులో అంకె పడుతుంది. ఐదు దాటితే తీగ జరిగిపోతుంది. ఒక్కసారి జరిగినా చాలు, కాళ్ళు పోయినట్టే. అలాంటిదే ఇంకో బిళ్ళను ఈరోజు నీళ్ళ డ్రమ్ముకు అంటించి చూశాను. తొమ్మిది పడింది.

సాయంత్రం వదినకు చెప్పాను. "తొమ్మిదా? నీ తోలకానికి పదైనా పడాల్సిందే, ఒకటి తగ్గిందంటే మేలే" అన్నది. ముప్ఫై ఏళ్ళలో ఆమె నోట నా గురించి ఒక్క మంచిమాట రాలేదు. కాళ్ళు చచ్చినా నోరు చావలేదు. నాకు కోపం వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది.

దుమ్ముకాలం, పధ్నాలుగో రోజు

కేంద్రం వాళ్ళకు కబురు పంపితే జవాబు వచ్చింది. సామాను అరిగిన బండిని దుమ్ము తగ్గేదాకా కదపవద్దట. సరేనన్నాను. సరేనని బండిని మా ఇంటి ముందు పందిట్లోకి తోలుకొచ్చి, చుట్టూ దుమ్ముతెర కట్టి, మూడుకాళ్ళ గుంజకు చైను వేసి తల ఎత్తున గాల్లోకి లేపాను. కదపవద్దన్నారు, లేపవద్దనలేదు కదా.

దస్తగిరన్నకు కబురు చేశాను. ఊళ్ళో లేత్ మిషన్ ఆయనదే. వాళ్ళ నాయన కాలం నుంచీ ఈ బండికి చివరి పానా ఆ ఇంటివాళ్ళే పడతారు. అరవై మూడేళ్ళ మనిషి, నడుం వంచడు, ఎవరికీ లొంగడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఎనిమిదీ పోయినాయా?"

"ఎనిమిదీ."

"రబ్బరు యాడుంది?"

అవ్వ కాలపు బస్సు టైర్లు మా వెనకింట్లో ఉన్నాయి. అవ్వ అంటే మా నాయనమ్మ. రోడ్లు ఎత్తేసే గ్యాంగులో పనిచేసిన మనిషి. ఇక అన్నీ గాల్లోనే వస్తాయి, రోడ్లెందుకు అని తారు పెళ్ళలు ఊడబెరికించిన రోజులవి. పని అయిపోయాక ఈ బండిని అవ్వ చేతికిచ్చి పంపారు. టైర్లు అవ్వే దాచింది, ఎప్పటికైనా పనికొస్తాయని.

దస్తగిరన్న టైరును గోరుతో గిచ్చి చూశాడు, వాసన చూశాడు. "బిగువుండాది. చాలు" అన్నాడు. ఆ మాట ఆయన నోట వచ్చిందంటే సగం పని అయినట్టే.

దుమ్ముకాలం, పదిహేడో రోజు

చేతులు బొబ్బలెక్కాయి. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, సంతోషంగానే ఉంది.

దస్తగిరన్న లేత్ మీద ఇనుప గొట్టాలు పదహారు తీశాడు. ఎనిమిది లోపలివి, ఎనిమిది బయటివి. మధ్యలో రబ్బరు దూర్చడం నా పని. నూనె రాస్తే సులువుగా దూరుతుంది కానీ రబ్బరు కుళ్ళిపోతుంది. అందుకని కుంకుడుకాయలు నానబెట్టి, నురగ తీసి, ఆ నురగ పూసి దూర్చాను. ఆరిపోయాక రబ్బరు ఇనుమును కరుచుకుని పట్టుకుంటుంది, ఇక జారదు. ఒక పొడుగాటి బోల్టు, రెండు గొట్టం ముక్కలు, ఒక నట్టు. పానా తిప్పుతూ ఉంటే బుష్షు అంగుళం అంగుళం ఆర్ములోకి దిగుతుంది. మొదటిదానికి సగం పూట పట్టింది. ఎనిమిదోది టీ చల్లారేలోపు అయిపోయింది.

షాకబ్జర్లు కూడా విప్పి కొత్త వాషర్లు కోసి, నూనె పోసి మూసేశాను. చేత్తో నొక్కితే మెల్లగా దిగి మెల్లగా లేస్తున్నాయి. కేంద్రం వాళ్ళు పంపే కొత్త సామాను ఇంత బాగా ఉండదు. ఈ మాట కూడా తీసేయవద్దు.

వదిన మంచం వసారాలో ఉంది. పొద్దస్తమానం వెల్లకిలా పడుకుని నేను చేసేదంతా చూస్తుంటుంది.

"కుంకుడుకాయలన్నీ బండికే పోస్తివి. నా తలకేం పోస్తావు, మట్టా?" అన్నది.

"ముందు నీ కాళ్ళు రానీ, తరవాత తల చూద్దాం."

"వస్తాయంటావా?"

ఆ అడగడంలో వెటకారం లేదు. నేను పానా పక్కన పెట్టి దగ్గరికి పోయాను. "వస్తాయి వదినా" అన్నాను.

దుమ్ముకాలం, పంతొమ్మిదో రోజు

ఈరోజు చివరి బిగింపు.

మా ఊరి గురించి తెలియని వాళ్ళెవరైనా ఈ పట్టీ వింటే అర్థం కావాలి కాబట్టి చెబుతున్నాను. అవ్వ ఒక పుస్తకం రాసి పెట్టింది. బండికి ఏ పని ఎలా చేయాలో అందులో ఉంటుంది. బుష్షుల గురించి రాసిన చోట ఆఖరి మాట ఇది: "చివరి బిగింపు నిలబడినాకే." అందుకే మా ఊళ్ళో బుష్షుల బోల్టులు బిగించేటప్పుడు ఎవరూ కూర్చోరు. బండిని తల ఎత్తున గాల్లో వేలాడదీస్తాం. బిగించేవాడు నిటారుగా నిలబడి, బారెడు పానాతో బిగిస్తాడు. చుట్టూ ఊరంతా నిలబడుతుంది. బాలింతలు కూడా లేచి నిలబడతారు. ఇంకే ఊళ్ళోనూ ఇలా లేదు. మాకది గొప్ప.

దస్తగిరన్న స్నానం చేసి తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. ప్రతి బుష్షు మీదా మధ్యనుంచి అంచుదాకా సుద్దముక్కతో నిలువుగా గీత గీశాడు. బిగించేటప్పుడు లోపలి గొట్టం తిరిగిపోకుండా చూసుకోవడానికట. ఎనిమిది బోల్టులు బిగించాడు. ఒక్కొక్కటి బిగుసుకున్నప్పుడల్లా జనం "ఊ" అన్నారు. చైను వదిలి బండిని నేలకు దించాం. బండి రెండు వేళ్ళు ఎత్తు పెరిగి, ముందుభాగం పైకెత్తి నిలబడింది. చప్పట్లు మారుమోగాయి.

"చూడు సుంకమ్మా, ఎట్ల నిలబడిందో! పొగరు చూడు దానికి" అన్నాడు దస్తగిరన్న.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎనిమిదింటిలో ఎనిమిదీ నా చేతులతో దూర్చినవే.

దుమ్ముకాలం, ఇరవయ్యో రోజు

ఏడు.

వదిన బరువుకు సరిపడా డ్రమ్ములు పెట్టి, బిళ్ళ అంటించి, మెల్లగా నడిచే వేగంతో గుట్ట చుట్టూ తిరిగాను. ఏడు. మళ్ళీ తిరిగాను. ఏడు. చక్రాల్లో గాలి తగ్గించి తిరిగాను. అప్పటికీ ఏడే. లొటలొట పోయింది, అది నిజమే. కానీ బండి బిగుసుకుపోయి ప్రతి రాయినీ డబ్ మని పైకి కొడుతోంది.

ఇంకా తొమ్మిది రోజులే ఉంది. ఈరోజు ఇంతకంటే చెప్పబుద్ధి కావడం లేదు.

దుమ్ముకాలం, ఇరవై ఒకటో రోజు

పొద్దున బండి పక్కనే కూర్చున్నాను. ఏం చేయాలో తోచలేదు. రబ్బరు కొత్తది, షాకబ్జర్లు బాగున్నాయి. ఇంకేం మిగిలింది మార్చడానికి?

వసారాలోంచి వదిన పిలిచింది. "ఓ సుంకులా! గీతలు వంకర పోయినాయి, చూసుకోలేదా?"

"ఏం గీతలు?"

"దస్తగిరి గీసిన సుద్ద గీతలే. గాల్లో ఉన్నప్పుడు నిలువుగుండ్య. కిందికి దించినాక మధ్యలో ఒకపక్కకి, అంచులో ఇంకోపక్కకి పోయినాయి. నిన్నటి నుంచి అదే చూస్తాండా."

బండి కిందిభాగం మంచం మీద పడుకున్న మనిషికే కనిపిస్తుంది. నిలబడ్డవాళ్ళకు కనిపించదు. నేను నేల మీద బోర్లా పడుకుని చూశాను. నిజమే. ఎనిమిది గీతలూ మెలితిరిగి ఉన్నాయి. చక్రాలు గాల్లో వేలాడుతున్నప్పుడు బిగించాం కదా, లోపలి గొట్టం ఆ వాలులోనే పట్టుబడిపోయింది. బండి నేలకు దిగి బరువు మీద పడగానే రబ్బరు మెలిపడింది. ఇక ఆ మెలిక పోదు. అది అలా మెలిపడే ఉంటుంది కాబట్టే బండి రెండు వేళ్ళు ఎత్తు నిలబడింది, అందుకే బిగుసుకుపోయింది. అందుకే నాలుగు నెలలకే చిరిగిపోతోంది కూడా. అది పొగరు కాదు, నొప్పి.

"అవ్వ ఏమని రాసిందే?" అన్నది వదిన.

"చివరి బిగింపు నిలబడినాకే."

"ఎవురు నిలబడినాక?"

నేను మళ్ళీ బండి వైపు చూశాను.

"మనిషా, బండా? నిలబడమని ఎవురికి చెప్పిందే మీ అవ్వ?"

బండి. బండి నిలబడినాక. తన నాలుగు చక్రాల మీద, తన బరువు మీద, నేల మీద నిలబడినాక. అవ్వకు అది ఎంత తెలిసిన సంగతంటే బండి అన్న మాట రాయాలని కూడా తోచలేదు. మేమేమో అవ్వ పోయాక యాభై ఏళ్ళుగా బండిని గాల్లో వేలాడదీసి, ఊరంతా లేచి నిలబడి, చప్పట్లు కొడుతున్నాం. ముందు నవ్వొచ్చింది. వదినా నేనూ నవ్వుకున్నాం. ఆమె నడుం కదులుతుందని నేనే ఆపించాను. తరవాత దస్తగిరన్నకు ఎలా చెప్పాలా అన్న ఆలోచన పట్టుకుంది.

దుమ్ముకాలం, ఇరవై రెండో రోజు

చెప్పాను. ఆయన పుస్తకం అడిగి తీసుకుని ఆ ఒక్క వాక్యం నాలుగుసార్లు చదివాడు.

"మా నాయన నలభై ఏండ్లు నిలబడి బిగించినాడు సుంకమ్మా. సచ్చిపోయే ముందు గూడా పానా తెప్పించుకుని పట్టుకున్నాడు. అదంతా తప్పంటావా?"

"తప్పు మీ నాయనది కాదన్నా. మాట అట్ల ఉంది. నేను గూడా పాతికేళ్ళు చప్పట్లు కొట్టినా కదా."

"ఊరికేం చెప్తావు?"

"ఊరికి తరవాత చెప్తాం. ముందు వదిన కాళ్ళు."

ఆయన పుస్తకం నా చేతిలో పెట్టి, దుమ్ముతెర పైకెత్తి బయటికి వెళ్ళిపోయాడు. నేను పిలిచినా వెనక్కి తిరగలేదు. ఆ బోల్టులు నేనే వదులు చేయగలను. కానీ ఆయన లేకుండా ఆ పానా పట్టుకోవడానికి నాకు మనసొప్పలేదు.

దుమ్ముకాలం, ఇరవై మూడో రోజు

తెల్లవారగానే దస్తగిరన్న వచ్చాడు. బారెడు పానా తేలేదు. జానెడుది తెచ్చాడు, ఇంకో చేతిలో చాప.

"డ్రమ్ములు ఎక్కించు. కుళ్ళాయమ్మ ఎంత ఉంటాదో అంత, మంచంతో గూడా" అన్నాడు.

ఎక్కించాను. ఆయన చాప పరిచి, ఆ అరవై మూడేళ్ళ నడుం మెల్లగా వంచి, వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగాడు. ఆయన నేల మీద పడుకుని పనిచేయడం నేను పుట్టి చూడలేదు. మొదటి బోల్టు వదులు కాగానే బండి చిన్న మూలుగు మూలిగి కాస్త కిందికి దిగింది. ఎనిమిదోది వదలేసరికి రెండు వేళ్ళ ఎత్తూ పోయింది. బండి మామూలుగా, తీరిగ్గా నిలబడింది. అప్పుడు ఒక్కొక్కటీ మళ్ళీ బిగించాడు. చుట్టూ జనం లేరు. నేనొక్కదాన్నే, బండి పక్కన చతికిలబడి, ఆయన అడిగిన పానాలు అందిస్తూ కూర్చున్నాను.

"గీతలెట్లున్నాయి?" అని కింద నుంచి అడిగాడు.

వదిన వసారాలోంచి అరిచింది: "నిలువుగుండాయి! ఎనిమిదీ!"

గుట్ట చుట్టూ తోలాను. మూడు. ఇంకోసారి తోలాను. మూడే. దస్తగిరన్న బిళ్ళను చేతిలోకి తీసుకుని కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. ఒళ్ళంతా మట్టి, తలనిండా దుమ్ము.

"మూడేండ్లు వస్తాయి ఇవి. నాలుగు నెలలు కాదు" అన్నాడు. మొదటిసారి ఆయన గొంతులో వాళ్ళ నాయన గర్వం కాకుండా ఆయన సొంత గర్వం వినబడింది. పుస్తకంలో ఆ వాక్యం ముందు "బండి" అని ఆయన చేతనే రాయించాను.

దుమ్ముకాలం, ఇరవై తొమ్మిదో రోజు

తెల్లారి బయలుదేరి, సాయంత్రం వెలుగుండగానే ఏటిగడ్డ చేరాం. ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లకు పదకొండు గంటలు పట్టింది.

వదినను మంచంతో సహా వెనక ఎక్కించి, నాలుగు మూలలా దుప్పట్లు కుక్కి, లోపలికి దుమ్ము రాకుండా బండికంతా దుమ్ముతెర బిగించాం. దస్తగిరన్న ఆమె పక్కన కూర్చుని బిళ్ళ మీది అంకె గట్టిగా చదువుతూ వచ్చాడు. రెండు. రెండు. మూడు. ఒకటి. నేను ముందు రాళ్ళు తప్ప వేరే ఏమీ చూడలేదు. వదిన మాత్రం ఊరుకోలేదు. "ఎడమకి పోనీ! అది రాయి గాదే, పొట్టేలంత ఉండాది!" అని వెల్లకిలా పడుకునే దారి చెప్పింది. ఏమీ కనిపించకుండానే.

పదో కిలోమీటరు దగ్గర వంక ఉంది. మునుపెప్పుడూ లేని చోట గట్టు కోసుకుపోయి మోకాలెత్తు మెట్టు పడింది. పక్కన ఇంకో దారి లేదు. బండి ఆపి దిగి చూశాను. పారతో మెట్టును కాస్త వాలుగా చెక్కాను. అయినా చాలదు. దిగినప్పుడు కట్టుకున్న మూతిగుడ్డ కాలం కూడా తరిగిపోతోంది.

"దించు" అన్నది వదిన.

"ఐదు దాటితే?"

"నువ్వు పెట్టిన బుష్షులే గదా. దించు."

నేను ముందు చక్రాన్ని అంచు మీదికి తెచ్చి, బ్రేకు కొద్దికొద్దిగా వదిలాను. ఆర్ములు కిందికి చాచుకున్నాయి. చక్రం నేలను వెతుక్కుని ఆనింది. బండి మెల్లగా ఒదిగి, రెండో చక్రాన్నీ, ఆ వెనక రెంటినీ దించుకుంది. ఏ శబ్దమూ లేదు. దస్తగిరన్న బిళ్ళ మీదికి వంగాడు.

"అన్నా, ఎంత?"

"నాలుగు" అన్నాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "నాలుగే సుంకమ్మా."

ఆస్పత్రిలో డాక్టరమ్మ బిళ్ళ ఊడదీసి దారి పొడుగునా పడ్డ అంకెలు చూసింది. నమ్మలేక రెండోసారి చూసింది. "ఈ దుమ్ములో, ఈ దారిలో నాలుగా? బండి ఏ వర్క్‌షాపులో చేయించారమ్మా?" అని అడిగింది.

నేను జవాబు చెప్పేలోపే మంచం మీద నుంచి వదిన అందుకుంది. "వర్క్‌షాపేంది? మా ఇంటి ముందర. మా ఆడబిడ్డ చేసింది" అన్నది.

మా ఆడబిడ్డ. ముప్ఫై ఏళ్ళకు ఆ మాట నా చెవిన పడింది. దస్తగిరన్న నా వైపు చూసి, నేను ఏడుస్తానేమోనని పక్కకు తిరిగాడు. నేను ఏడవలేదు. ఛాతీ ఇంత ఎత్తు లేచింది, అంతే.

దుమ్ముకాలం, ముప్ఫై ఒకటో రోజు

ఆపరేషన్ నిన్న అయింది. తీగ ఎక్కడ పెట్టారో అక్కడే ఉందట, వెంట్రుకంత కూడా జరగలేదట. అయినా నరం అల్లుకుందో లేదో మత్తు దిగాకే తెలుస్తుందని చెప్పారు. ఆ పూటంతా నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. దస్తగిరన్న కుర్చీ తెచ్చి పెట్టినా కూర్చోలేదు.

ఈరోజు పది గంటలకు డాక్టరమ్మ లోపలికి పోయింది. నన్ను కూడా రమ్మన్నది. వదిన కళ్ళు మూసుకునే ఉంది, సగం మత్తులో. డాక్టరమ్మ దుప్పటి ఎత్తి, ఒక ఇనుప పుల్ల తీసుకుని, ఏమీ చెప్పకుండా కుడి అరికాలి మీద మడమ నుంచి వేళ్ళదాకా ఒక గీత గీసింది. ఏమీ కాలేదు. ఇంకోసారి గీసింది, కాస్త గట్టిగా.

బొటనవేలు లోపలికి ముడుచుకుంది.

"ఎవురే అది, నా కాలు గీకేది?" అని వదిన కళ్ళు తెరవకుండానే అరిచింది. "గిలిగింత అయితాండాది, ఇడ్సు! సుంకులా, నువ్వేనా? నీకు పనీపాటా లేదా?"

డాక్టరమ్మ నవ్వేసింది. నేను ఆ పాదాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. ఇక ఆపుకోలేక వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాను. లోపల వదిన ఇంకా తిడుతూనే ఉంది. ఎంతసేపు తిట్టినా వినాలనే ఉంది.